బాల్ పైథాన్, ఆక్సొలాటిల్ పెంచేవాళ్లు నిబంధనలపై ప్రభుత్వానికి అభిప్రాయం ఎలా రాయాలి

మాది మల్కాజిగిరి. ఇంట్లో ఒక జత ఆక్సొలాటిల్స్ (నీళ్లలోనే బతికే ఒక రకం సాలమాండర్, కప్పల్లాగే ఉభయచరం), ఒక బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) ఉన్నాయి. మూడూ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ అయినవే. ఏదో కొత్త రూలు వస్తోందన్న మాట వినపడగానే తోటి కీపర్లు ఉత్తరం రాసి, ఒకసారి చూసిపెట్టమని నాకు పంపుతుంటారు. చాలా ఉత్తరాల్లో ఒకటే మాట: "మేం వీటిని కన్నబిడ్డల్లా సాకుతున్నాం, దయచేసి మమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దు." ఆ మాట నిజమే. అయితే అది చదివిన అధికారి ఏ రూలులో ఏ వాక్యం మార్చాలి? ఆయనకు చేయడానికి అందులో ఏమీ దొరకదు.

ఆక్సొలాటిల్ ఒక్కసారికి ఎన్ని గుడ్లు పెడుతుందో, బాల్ పైథాన్ ఎన్నేళ్లు బతుకుతుందో, మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆగిపోతే ట్యాంక్‌లో ఏం జరుగుతుందో ఫైలు తయారుచేసే మనిషికి తెలిసే అవకాశం తక్కువ. మనకు అది రోజూ కళ్లెదుట ఉండే సంగతి. మనకు తెలిసిన దాన్ని వాళ్లు వాడుకోగలిగే రూపంలో రాసి ఇవ్వడమే అభిప్రాయం పంపడం.

ముందు మనం ఏ చట్టం కింద ఉన్నామో స్పష్టంగా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో పెద్ద సవరణ జరిగింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జీవులను, అంటే సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్నవాటిని, ఈ సవరణ షెడ్యూల్ 4లో పెట్టింది. 49ఎం సెక్షన్ ప్రకారం ఆ షెడ్యూల్‌లోని జంతువు ఎవరి దగ్గర ప్రాణాలతో ఉన్నా వివరాలు తెలియజేసి రిజిస్టర్ చేసుకోవాలి. ఎలా చేయాలో చెప్పే రూల్స్ 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే జంతువులు ఉన్నవాళ్లకు ఆరు నెలలు, అంటే ఆగస్టు 28 వరకు, గడువు ఇచ్చారు. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. దరఖాస్తు పరివేష్ 2.0 ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వెళ్తుంది.

బాల్ పైథాన్, గ్రీన్ ఇగ్వానా, ఆక్సొలాటిల్ మూడూ సైటిస్ రెండో జాబితాలోవి కాబట్టి ఇందులోకి వస్తాయి. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు. ఈ తేడా తెలియకుండా "ఎగ్జోటిక్ పెట్స్ అన్నిటికీ రిజిస్ట్రేషన్ ఎందుకు" అని రాస్తే, చట్టం చదవకుండా రాశారని మొదటి లైనులోనే తెలిసిపోతుంది. మిగతా పేజీలు ఎంత బాగున్నా ఆ తర్వాత వాటికి బరువు ఉండదు.

ఇంకో సంగతి కూడా కలం పట్టకముందే తేల్చుకోవాలి. మన దేశపు జీవులను ఇంట్లో పెంచుకునే హక్కు అడగడానికి ఈ ఉత్తరం వాడొద్దు. నక్షత్ర తాబేలు చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో ఉంది, 2019 నుంచి సైటిస్ మొదటి జాబితాలోనూ ఉంది. మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేలు పిల్లలను అడవి నుంచి పట్టుకుపోతున్నారని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. రెండు తలల పాము పేరుతో మన రెండు రాష్ట్రాల్లో జరిగే మోసాలు, స్మగ్లింగ్ సంగతి పేపరు చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో కుక్కి చెన్నై ఎయిర్‌పోర్టులో దొరికిపోయే పైథాన్ పిల్లల వార్తలూ అంతే. అధికారి మన ఉత్తరం చదివేటప్పుడు ఆయన మనసులో ఉండే బొమ్మ ఇదే. అందుకే ఉత్తరంలో రెండో పేరాకల్లా మన వైఖరి చెప్పేయాలి: అడవి నుంచి పట్టిన జంతువులను మేం కొనం, అమ్మం, దేశీయ జాతుల రక్షణలో ఎలాంటి సడలింపూ కోరడం లేదు. నా మటుకు నాకు ఇది ఎత్తుగడగా పెట్టే వాక్యం కాదు. దీనికి ఒప్పుకోని వాళ్ల ఉత్తరం నేను సరిదిద్దను.

రిజిస్ట్రేషన్ లేని జంతువు ఇంట్లో ఉన్నవాళ్లు ముందు వకీలుతో మాట్లాడి ఆ సంగతి చూసుకోవాలి. ఆ విషయం అభిప్రాయం ఉత్తరంలో రాయడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

ఇక అసలు రాత. ముసాయిదా గానీ, ఇప్పటికే అమల్లో ఉన్న రూలు గానీ, గెజిట్‌లో వచ్చిన పాఠాన్నే దింపుకోండి. ఈ-గెజిట్ సైట్‌లో దొరుకుతుంది. వాట్సాప్‌లో తిరిగే సారాంశం చూసి ఉత్తరం రాయొద్దు. ఒక ప్రింటు తీసి, పెన్నుతో పక్కన రాసుకుంటూ చదవండి. ప్రతి రూలు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి: రేపు ఉదయం ఇది నా ట్యాంక్ ముందు నిలబడి పాటించాలంటే ఏం చేస్తాను? చేయగలిగితే దాటి వెళ్లిపోండి. చేయలేకపోతే అక్కడ గీత గీయండి. సాధారణంగా మూడు నాలుగు చోట్లకు మించి గీతలు పడవు. ఆ మూడు నాలుగే ఉత్తరం. మిగతా రూల్స్ మీద కోపం ఉన్నా వదిలేయండి.

గీత పడిన ప్రతిచోటా మూడు ముక్కలు రాయాలి. రూలు నంబరు వేసి అందులో ఉన్న వాక్యం. దాన్ని పాటించబోతే జంతువు దగ్గర నిజంగా జరిగేది. దాని బదులు మీరు సూచించే వాక్యం. మూడోది ముఖ్యం, చాలామంది వదిలేసేదీ అదే. "ఇది కష్టం" అని ఆపేస్తే మార్చే పని అవతలివాళ్ల మీద పడుతుంది. "ఈ వాక్యం బదులు ఈ వాక్యం పెట్టండి" అంటే వాళ్లకు పని సులువవుతుంది.

పిల్లలు పుట్టిన సంగతి తెలియజేయడమే తీసుకుందాం. ఆక్సొలాటిల్ ఆడది ఒక విడతలో 100 నుంచి 1,000 దాకా గుడ్లు పెడుతుంది. వాటిలో చాలా పొదగవు. పొదిగినవాటిలోనూ మొదటి వారాల్లో ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, కాళ్లు పోతాయి, మళ్లీ మొలుస్తాయి. ఇలాంటి జీవి విషయంలో ప్రతి పిల్లకూ విడిగా ఫారం నింపాలంటే, ఫారం నింపేలోపే లెక్క మారిపోతుంది. బాల్ పైథాన్ అలా కాదు. నాలుగైదు గుడ్లు పెడుతుంది, రెండు నెలల్లో పొదుగుతాయి, ప్రతి పిల్లకూ విడి ఫారం నింపడం ఏమీ కష్టం కాదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, కీపర్లు పని తప్పించుకోవడానికి అడగడం లేదని చదివేవాళ్లకే అర్థమవుతుంది. ఉత్తరంలో ఆ పేరా ఇలా ఉండొచ్చు:

"ఫలానా రూలు ప్రకారం పుట్టిన ప్రతి పిల్ల వివరాలూ విడిగా తెలియజేయాలి. బాల్ పైథాన్ వంటి, తక్కువ గుడ్లు పెట్టే సరీసృపాలకు ఇది పాటించదగినదే. ఆక్సొలాటిల్ వంటి ఉభయచరాలు ఒక విడతలో వందల సంఖ్యలో గుడ్లు పెడతాయి, వాటిలో అధిక భాగం తొలి వారాల్లోనే చనిపోతాయి. కాబట్టి ఉభయచరాల విషయంలో గుడ్లు పెట్టిన తేదీ, ఉంచుకున్న గుడ్ల అంచనా సంఖ్యను ఒకే నమోదుగా స్వీకరించి, పిల్లలు 5 సెంటీమీటర్ల పొడవు దాటాక బతికి ఉన్నవాటి సంఖ్యను తెలియజేసే విధంగా ఈ రూలును సవరించాలని కోరుతున్నాము."

అందులో విన్నపం, వేడుకోలు ఏమీ లేవు. ఫారం డిజైన్ చేసేవాళ్లు వెంటనే వాడుకోదగిన ప్రతిపాదన ఉంది. 5 సెంటీమీటర్లు అనేది నా అనుభవంలో పిల్లలు నిలదొక్కుకునే సైజు. మీ ట్యాంకుల్లో వేరేగా ఉంటే మీ సంఖ్యే రాయండి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి.

గుర్తింపు గుర్తుల విషయం కూడా ఇలాగే. మైక్రోచిప్ పెద్ద పైథాన్‌కు సరిపోతుంది. వేలెడంత బల్లికో, ఆక్సొలాటిల్ పిల్లకో మామూలు 12 మిల్లీమీటర్ల చిప్ ఎక్కించడం దాన్ని గాయపరచడమే. బాల్ పైథాన్ పక్కల మీది మచ్చల అల్లిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, పెరిగినా అదే అల్లిక ఉంటుంది. కాబట్టి రెండు పక్కల నుంచీ, తల పైనుంచీ తీసిన ఫొటోలను గుర్తింపుగా స్వీకరించమని అడగొచ్చు. మచ్చల్లేని తెల్ల మార్ఫ్‌ల (రంగు రకాల) విషయంలో ఇది పనికిరాదని కూడా మీరే రాయండి. మన సూచనలోని లోటును మనమే చెబితే మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుంది.

మన రెండు రాష్ట్రాల వాళ్లకు ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది, అది అడగగలిగేది కూడా మనమే. బాల్ పైథాన్ 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఈలోగా మనిషికి ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది, ఊరు మారుతుంది. హైదరాబాద్‌లో రిజిస్టర్ చేసిన పామును విశాఖపట్నం తీసుకెళ్తే రాష్ట్రం మారినట్టే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కూడా మారినట్టే. యజమాని పేరు మాత్రం మారలేదు. ఇది జంతువు చేతులు మారినట్టు లెక్కా, చిరునామా మారినట్టు లెక్కా? దారిలో ఏ కాగితం దగ్గర ఉండాలి? యజమాని చనిపోతే పాము ఎవరి పేరు మీదికి వెళ్తుంది, ఎన్ని రోజుల్లో? ఈ మూడు ప్రశ్నలనూ స్పష్టత కోరుతున్నట్టుగా రాయండి, ఆరోపణలా వద్దు. "అడిగితే సమాధానం లేని రూలు" అని గొంతు పెంచాల్సిన పని లేదు.

తనిఖీల గురించి రాసేటప్పుడు నేను కొంచెం గట్టిగానే రాస్తాను. ఆక్సొలాటిల్‌కు 16 నుంచి 18 డిగ్రీల నీళ్లు కావాలి. 24 దాటితే ఒత్తిడికి లోనవుతుంది, తిండి మానేస్తుంది, ఒంటి మీద ఫంగస్ పడుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో దాన్ని బకెట్‌లోకి మార్చి జీపులో ఎక్కడికైనా తీసుకెళ్తే సాయంత్రానికి బతకదు. అందువల్ల నా ఉత్తరాల్లో ఎప్పుడూ ఉండే సూచన ఇది: ఉభయచరాలను తనిఖీ సమయంలో ట్యాంక్‌లోంచి తీయకుండా చూడాలి, ఫొటోతో పోల్చుకోవాలి, తరలించక తప్పకపోతే పశువైద్యుడి సమక్షంలో చల్లటి నీళ్లతో తరలించాలి. అటవీ శాఖ సిబ్బందికి పామును పట్టడం వచ్చు. ఈ జీవిని చూసినవాళ్లు వాళ్లలో ఎంతమంది ఉంటారు? ఇది వాళ్ల తప్పు కాదు. మెక్సికోలో షోచిమిల్కో కాలువల్లో తప్ప ఎక్కడా సహజంగా మిగలని జీవి ఇది. 1860ల్లో పారిస్‌కు తీసుకెళ్లినప్పటి నుంచీ మనుషుల చేతుల్లో తరతరాలుగా పెరుగుతూ వస్తోంది. ఇళ్లలో ఉన్నవన్నీ అలా పుట్టినవే.

పెంచలేకపోయినవాళ్లు జంతువును ఎక్కడ అప్పగించాలన్నది కూడా తప్పక రాయాలి. అప్పగించే చోటు లేకపోతే చెరువులో వదిలేస్తారు. ఎర్ర చెవుల తాబేళ్లు మన దేశపు చెరువుల్లోకి చేరింది ఇలాగే. కేసు భయం లేకుండా అప్పగించే పద్ధతి ఒకటి ఉండాలని, జూ పార్కు గానీ, గుర్తింపు పొందిన రెస్క్యూ కేంద్రం గానీ తీసుకోవాలని అడగండి. ఖర్చులో కొంత కీపర్లు భరించడానికి సిద్ధమైతే ఆ మాటా రాయండి. పర్యావరణం వైపు నుంచి మాట్లాడేవాళ్లతో మనకు నూటికి నూరు పాళ్లు మాట కలిసే చోటు ఇదే.

షాపువాళ్ల ఉత్తరం, కీపర్ల ఉత్తరం ఒకటి కాకూడదు. షాపులకు 2018 పెట్ షాప్ రూల్స్ కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉంటుంది, కొనుగోలు బిల్లులు ఉంటాయి, సరుకు నిల్వల రిజిస్టర్లు ఉంటాయి. వాళ్లు ఇవ్వగలిగేది లెక్కలు: ఏ జాతి ఎన్ని అమ్ముడవుతున్నాయి, ఎక్కడ పుట్టినవి, కొన్నవాళ్లకు ఏ కాగితం ఇస్తున్నారు, ఆ కాగితం రిజిస్ట్రేషన్‌కు సరిపోతోందా. అమ్మకం రోజునే షాపు దగ్గర కొనుగోలుదారు పేరుతో నమోదు మొదలయ్యే ఏర్పాటు అడిగితే, బిల్లు లేకుండా చేతులు మారే జంతువులు తగ్గుతాయి. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లకు దీనివల్ల లాభమే. "వేలమంది ఉపాధి పోతుంది" లాంటి ఆధారం లేని అంకెలు మాత్రం వద్దు. ఒక్క అంకె తేలిపోతే ఉత్తరం మొత్తం తేలిపోతుంది.

పరిశ్రమ ముందే కదిలితే ఎలా ఉంటుందో అమెరికాలో సాలమాండర్ల విషయంలో చూశాం. యూరప్‌లో సాలమాండర్లను చంపుతున్న బీసాల్ అనే ఫంగస్ ఆసియా జాతుల ద్వారా వస్తోందని తేలాక, అక్కడి పెంపుడు జంతువుల వ్యాపార సంఘం పీజాక్ 2015లోనే ఫంగస్‌ను మోసే జాతుల దిగుమతి స్వచ్ఛందంగా ఆపమని తన వాళ్లకు చెప్పింది. 2016 జనవరిలో ప్రభుత్వం 20 ప్రజాతులకు చెందిన 201 జాతుల మీద ఆంక్షలు పెట్టి, అభిప్రాయాలకు 60 రోజులు ఇచ్చింది. పరిశ్రమ అప్పటికే జబ్బు ప్రమాదాన్ని ఒప్పుకుని ఉంది కాబట్టి, ఆ తర్వాత పరీక్షల గురించి, క్వారంటైన్ గురించి మాట్లాడే అర్హత దానికి దక్కింది. మనం కూడా దిగుమతి ఉభయచరాలకు క్వారంటైన్, ఫంగస్ పరీక్ష అడిగితే మంచిదని నా గట్టి అభిప్రాయం.

టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో ఉంటూ పాములు పెంచే తెలుగువాళ్లకు పద్ధతి ఇంకా సులువు. ఫెడరల్ ప్రతిపాదనలు చాలావరకు రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైట్‌లో డాకెట్ (ఫైలు) నంబరుతో ఉంటాయి, పౌరసత్వం లేకపోయినా కామెంట్ పెట్టొచ్చు, ముఖ్యమైన కామెంట్లకు తుది రూలులో సమాధానం ఇవ్వాల్సిన బాధ్యత అక్కడి సంస్థల మీద ఉంది. 2010లో తొమ్మిది పెద్ద పాము జాతులను హానికర జాబితాలో పెడతామని అక్కడి వన్యప్రాణి సంస్థ ప్రతిపాదించింది. 2012లో నాలుగు, 2015లో ఇంకో నాలుగు చేర్చింది. బోవా కన్‌స్ట్రిక్టర్‌ను మాత్రం చేర్చలేదు. రాష్ట్రాల మధ్య తీసుకెళ్లడంపై పెట్టిన ఆంక్షను కీపర్ల సంఘం యూసార్క్ కోర్టులో సవాలు చేసి 2017లో గెలిచింది. ఫ్లోరిడా వాళ్లు రాష్ట్ర రూల్స్ విడిగా చూసుకోవాలి. టేగూలు (ఒక రకం పెద్ద బల్లులు), గ్రీన్ ఇగ్వానాలు 2021లో అక్కడ నిషిద్ధ జాబితాలోకి వెళ్లాయి. ఆ సైట్‌లో పెట్టిన కామెంట్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఇంటి అడ్రసు రాయొద్దు.

మన దగ్గర ఉత్తరం ఎప్పుడు, ఎవరికి పంపాలన్నది అంత తేలిగ్గా తేలదు. బిల్లు దశలో ఉంటే పార్లమెంటు స్టాండింగ్ కమిటీ అన్నిటికన్నా మంచి చోటు. 2021 డిసెంబరులో వన్యప్రాణి సవరణ బిల్లు ప్రవేశపెట్టాక అది జైరాం రమేశ్ అధ్యక్షతన ఉన్న కమిటీకి వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులో లోక్‌సభ, డిసెంబరులో రాజ్యసభ ఆమోదించాయి. అంటే మాట చెప్పుకునే కాలం కొన్ని నెలలే. కమిటీలు సూచనలు కోరుతూ పేపర్లలో ఇచ్చే ప్రకటనల గడువు ఇంకా తక్కువ ఉంటుంది. రూల్స్ ముసాయిదా దశలో ఉంటే అందులోనే చిరునామా, చివరి తేదీ ఉంటాయి. 2014 నాటి ప్రీ లెజిస్లేటివ్ కన్సల్టేషన్ విధానం ప్రకారం ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. గడువు అంతకంటే తక్కువ ఇస్తే ఆ విధానాన్ని ప్రస్తావించి పొడిగింపు అడగండి.

రూలు వచ్చేశాక కూడా దారి మూసుకుపోదు. రూల్స్‌ను పార్లమెంటు ముందు పెట్టాలి. రాజ్యసభ, లోక్‌సభల్లో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలు వాటిని పరిశీలిస్తాయి. మీ ఎంపీ ద్వారా ప్రశ్న వేయించవచ్చు, దానికి మంత్రిత్వ శాఖ సమాధానం రాతపూర్వకంగా దొరుకుతుంది. ఢిల్లీ జోర్‌బాగ్‌లోని ఇందిరా పర్యావరణ్ భవన్‌లో ఉన్న వైల్డ్‌లైఫ్ విభాగానికి ఒక కాపీ, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఒక కాపీ పంపండి. తెలంగాణ వాళ్లకు అది సైఫాబాద్‌లోని అరణ్య భవన్. అక్కడికి తెలుగులో రాయొచ్చు. ఢిల్లీకి మాత్రం ఇంగ్లిషులోనో హిందీలోనో పంపండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ వేసి రసీదు దాచుకోండి.

ఒకే ఉత్తరం కింద వందమంది పేర్లు మార్చి పంపడం కన్నా, పదిమంది ఎవరి అనుభవం వాళ్లు రాసిన పది ఉత్తరాలు నాకు బలంగా కనిపిస్తాయి. ఇగ్వానా పెంచే ఆవిడ వెలుతురు, కరెంటు బిల్లుల గురించి రాస్తుంది. పశువైద్యుడు పాము చనిపోతే పోస్ట్‌మార్టం చేయగలవాళ్లు జిల్లాల్లో ఎందరున్నారో రాస్తాడు. ఒక్కో ఉత్తరం రెండు పేజీలు దాటకుండా చూడండి. ఫొటోలు, ఉష్ణోగ్రత రికార్డు అనుబంధంగా పెట్టండి. ఆధార్ నంబరు, ట్యాంకులున్న గది ఫొటోలో ఇంటి గేటు, బోర్డు లాంటివి కనపడకుండా జాగ్రత్తపడండి. ఫైల్లో చేరిన కాగితం రేపు ఎవరి చేతికైనా వెళ్లొచ్చు.

పంపిన మూడు నెలల దాకా ఏ కబురూ రాకపోతే టెన్షన్ పడకుండా ఆర్‌టీఐ వేయండి. పది రూపాయల ఫీజు, కేంద్రానికైతే ఆన్‌లైన్‌లోనే. "నా ఉత్తరం మీద ఏం చర్య తీసుకున్నారు" అని మాత్రమే అడిగితే "పరిశీలనలో ఉంది" అన్న జవాబుతో సరిపెడతారు. ఫలానా ముసాయిదాపై వచ్చిన సూచనల పట్టిక, వాటిపై రాసిన ఫైల్ నోటింగ్‌ల కాపీలు ఇవ్వమని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లొచ్చు. ఆ నోటింగ్‌లు చదివితే మీ సూచన ఎక్కడ ఆగిందో, ఎవరు ఏ సందేహం రాశారో తెలుస్తుంది. తర్వాతి ఉత్తరం ఆ సందేహానికి జవాబుగా మొదలుపెట్టండి.

ఇప్పుడు ఏ ముసాయిదా లేకపోయినా ఒక నోటుబుక్కు తెరిచి తేదీ, నీటి ఉష్ణోగ్రత, మేత, కుబుసం విడిచిన రోజు, గుడ్లు, చావులు రాస్తూ ఉండండి. నెలకోసారి ఒకే కోణంలో ఫొటో తీసి, కొన్న బిల్లు, రిజిస్ట్రేషన్ పత్రంతో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. గడువు పదిహేను రోజులే ఇచ్చినప్పుడు ఉత్తరంలోకి ఎక్కే ప్రతి అంకె ఆ నోటుబుక్కు నుంచే తీసుకోవాల్సి వస్తుంది.